బురద సీజన్, రోడ్డు సీజన్: ఒకే మహిళా సైక్లిస్టు రెండు రేసింగ్‌లూ ఎలా నెట్టుకొస్తుంది?

చలికాలంలో యూరప్ సైక్లింగ్ చూసేవాళ్లకు ఏటా ఎదురయ్యే తికమక ఒకటుంది. అక్టోబర్, నవంబర్‌లలో సైక్లోక్రాస్ రేసులు (గడ్డి, బురద, ఇసుక దారిలో చుట్లు కొట్టే సైకిల్ పోటీలు) జోరుగా నడుస్తుంటాయి గానీ పెద్ద పేర్లు కనబడవు. డిసెంబర్ మధ్యలో ఉన్నట్టుండి దిగుతారు, ఐదారు వారాలు అందరినీ ఓడిస్తారు, ఫిబ్రవరి మొదట్లో ప్రపంచ పోటీ అవగానే మాయమవుతారు. నెల తిరక్కుండా అదే మనిషి ఇటలీ మట్టిరోడ్ల మీద ఇంకో రకం సైకిల్ తొక్కుతూ కనిపిస్తుంది. ఈలోపు ఒకప్పటి ప్రపంచ చాంపియన్ ఏదో రేసులో మూడో వరుసలో నిలబడి ఉంటుంది. గాయమా, జట్టు వద్దందా, ఫామ్ పోయిందా అని ఊహాగానాలు మొదలవుతాయి.

చాలాసార్లు ఇవేవీ కారణం కాదు. జవాబు క్యాలెండర్‌లోనూ నిబంధనల పుస్తకంలోనూ జీతాల పట్టికలోనూ ఉంటుంది. ఇది విడమరిచి చెప్పడానికి నెదర్లాండ్స్‌కు చెందిన మరియానె వోస్ కెరీర్‌ను మించిన ఉదాహరణ లేదు. 1987లో పుట్టిన ఆమె 2006లోనే సైక్లోక్రాస్, రోడ్ రెండింటిలోనూ ప్రపంచ చాంపియన్ అయింది. సైక్లోక్రాస్‌లో ఎనిమిది ప్రపంచ టైటిళ్లు (2006, 2009 నుంచి 2014 వరకు వరుసగా ఆరు, మళ్లీ 2022), రోడ్‌లో మూడు (2006, 2012, 2013), ట్రాక్‌లో 2008 బీజింగ్ ఒలింపిక్ స్వర్ణం, రోడ్‌లో 2012 లండన్ స్వర్ణం, 2024 పారిస్ రజతం, అదే ఏడాది గ్రావెల్ (కంకర, మట్టి దారుల రేసు) ప్రపంచ టైటిల్. మహిళా సైక్లిస్టులకు కనీస వేతనమనే మాటే లేని కాలంలో మొదలుపెట్టి, ఆ వేతనం అమల్లోకి వచ్చాక కూడా రేసుల్లో కొనసాగుతున్న మనిషి కాబట్టి ఈ వ్యాసానికి ఆమె కథే దారం.

రెండు రేసులూ సైకిల్‌వే, పని మాత్రం వేరు

రోడ్ రేసులో మహిళలు ఒక్క రోజులో సాధారణంగా 120 నుంచి 160 కిలోమీటర్లు తొక్కుతారు. మూడున్నర, నాలుగు గంటల పని. జట్టుకు ఆరేడుగురు ఉంటారు. అందరూ పెద్ద గుంపుగా సాగుతారు, దాన్నే పెలోటాన్ అంటారు. ముందువాళ్ల వెనక దాక్కుంటే గాలి దెబ్బ బాగా తగ్గుతుంది కనుక నాయకురాలు శక్తి దాచుకుని చివర్లో వాడుకోవచ్చు. ఆమె కోసం గాలికి ఎదురెళ్లేది, నీళ్ల సీసాలు తెచ్చేది, అవసరమైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేది సహచరులు. నాలుగు గంటల రేసులో గెలుపోటములు తేల్చే క్షణాలు కలిపితే పావుగంట కూడా ఉండకపోవచ్చు, కానీ ఆ పావుగంట మూడు గంటల అలసట తర్వాత వస్తుంది.

సైక్లోక్రాస్‌లో దాక్కునే చోటు ఉండదు. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు. అందులో గడ్డి, బురద, ఇసుక, మెట్లు, ఏటవాలు గట్లు, కావాలని అడ్డంగా పెట్టిన చెక్కలు. తొక్కలేని చోట సైకిల్ భుజాన వేసుకుని పరిగెత్తాలి. మహిళల ఎలీట్ రేసు ఇప్పుడు సుమారు 50 నిమిషాలు. వోస్ మొదలుపెట్టిన రోజుల్లో 40 నిమిషాలే. తుపాకీ పేలిన క్షణం నుంచి గీత దాటేదాకా గుండె దాదాపు గరిష్ఠ వేగంలోనే కొట్టుకుంటుంది. ప్రతి మలుపు తర్వాతా మళ్లీ నిలబడి తొక్కాలి. రోడ్‌ను క్రికెట్ టెస్టుతో, సైక్లోక్రాస్‌ను టీ20తో పోల్చడం ఇక్కడ సగమే పనికొస్తుంది, ఎందుకంటే సైక్లోక్రాస్ పొట్టి రేసు మాత్రమే కాదు, ఒంటరి రేసు కూడా.

ఎన్ని చుట్లు అన్నది ముందే తేల్చరు. మొదటి రెండు చుట్ల వేగం చూసి నిర్ణయిస్తారు. ఉదాహరణకు ముందున్న రైడర్ ఒక చుట్టుకు 6 నిమిషాల 40 సెకన్లు, అంటే 400 సెకన్లు తీసుకుందనుకుందాం. 50 నిమిషాలంటే 3,000 సెకన్లు, భాగిస్తే ఏడున్నర. అధికారులు ఏడో ఎనిమిదో ప్రకటిస్తారు. వాన పడి చుట్టు ఎనిమిది నిమిషాలైతే ఆరుకు దిగిపోతుంది. ఇంకో నిబంధన ఉంది: మొదటి చుట్టు సమయంలో 80 శాతం కన్నా ఎక్కువ వెనకబడినవాళ్లను మధ్యలోనే ఆపేస్తారు. మన లెక్కలో అది 320 సెకన్లు, అంటే 5 నిమిషాల 20 సెకన్లు. ముందున్నవాళ్లు వచ్చి వెనకవాళ్లను చుట్టుదాటి వెళ్లడం వల్ల ఇరుకు దారిలో ప్రమాదం జరక్కుండా ఈ ఏర్పాటు. టీవీలో ఫలితాల పట్టిక కింద 'రెండు చుట్లు తక్కువ' అని కనిపించేది వీళ్లకే. వాళ్లేమీ రేసు వదిలేసి పోలేదు.

చెక్కల దగ్గర జరిగేది

సైక్లోక్రాస్ నైపుణ్యం ఎక్కడుందో చూడాలంటే చెక్కల దగ్గర చూడాలి. రెండు అడ్డుచెక్కలు, ఎత్తు గరిష్ఠంగా 40 సెంటీమీటర్లు, మధ్య దూరం నాలుగు మీటర్లు. కొందరు సైకిల్‌తో సహా ఎగిరి దాటేస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన పుక్ పీటర్స లాంటి కొత్త తరం రైడర్లు దీన్ని మామూలు విషయం చేశారు. దిగి దాటే పద్ధతిలో వరస ఇలా ఉంటుంది. చెక్క ఇంకా ఎనిమిది, పది మీటర్ల దూరంలో ఉండగా కుడికాలు పెడల్ నుంచి విడిపించి జీను వెనక నుంచి ఎడమవైపు తిప్పుతారు. శరీరం మొత్తం ఎడమ పెడల్ మీద నిలబడి సాగుతుంది. కుడిచేయి హ్యాండిల్ వదిలి ఫ్రేమ్ పైగొట్టాన్ని పట్టుకుంటుంది. చివరి క్షణంలో ఎడమ పాదం మెలితిప్పి పెడల్ నుంచి ఊడదీయాలి, కుడి పాదం నేలమీద ముందు పడాలి. అక్కణ్నుంచి పరుగే. చెక్కలు దాటాక సైకిల్‌ను దించి, వేగం తగ్గకముందే తొడ లోపలి భాగం జీను మీద పడేలా దూకి ఎక్కాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ఎడమ పాదం దగ్గర. బూటు అడుగున ఉండే లోహపు బిళ్లలో బురద గట్టిపడితే అది సమయానికి ఊడదు, మనిషి సైకిల్‌తో సహా చెక్క మీద పడుతుంది. ఎక్కేటప్పుడు అదే బురద వల్ల బిళ్ల పెడల్‌లో కూర్చోదు. ఒక్కోసారి నాలుగైదు తొక్కుళ్లు పట్టు లేకుండానే పోతాయి. చెక్కలు చుట్టుకొకసారి వచ్చి, ప్రతిసారీ అర సెకను పోయిందనుకుంటే ఏడు చుట్లకు మూడున్నర సెకన్లు. ఈ ఆటలో టైటిళ్లు అంతకన్నా తక్కువ తేడాతో తేలాయి.

33 మిల్లీమీటర్ల టైరు, ఒక బార్ గాలి

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధన ప్రకారం ఎలీట్ సైక్లోక్రాస్ టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదు. అధికారులు కొలత పరికరంతో చూస్తారు. వెడల్పు పెంచే వీలు లేదు కాబట్టి ఆట అంతా రబ్బరు మీది గాట్లతోనూ గాలి పీడనంతోనూ నడుస్తుంది. పొడి గడ్డికి దాదాపు నున్నటి టైరు, తడికి మధ్యరకం, జిగట బురదకు పెద్ద గాట్లది. 58, 60 కిలోల రైడర్ పొడి నేల మీద సుమారు 1.4 బార్ పెడితే, బురదలో 1.1కి, లోతైన ఇసుకలో ఒక బార్‌కి దించవచ్చు. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ. అదే మనిషి రోడ్ సైకిల్ టైర్లలో నాలుగు, ఐదు బార్లు ఉంటుంది. వేలితో నొక్కితే సైక్లోక్రాస్ టైరు పంచరైందేమో అనిపిస్తుంది.

పీడనం ఎక్కువైతే టైరు నేలను పట్టదు, ఏటవాలు గట్టు మీద వెనక చక్రం కిందికి జారిపోతుంది. తక్కువైతే వేరు మీదో రాయి మీదో పడ్డప్పుడు రిమ్ము నేలకు కొట్టుకుంటుంది, మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది. చాలామంది ప్రొఫెషనల్స్ ఇప్పటికీ రిమ్ముకు జిగురుతో అంటించే ట్యూబులర్ టైర్లు వాడటానికి కారణం ఇదే: అంత తక్కువ గాలిలోనూ అవి రిమ్ము వదలవు. జిగురు పూతలు పూయడం, ఆరబెట్టడం, అంటించడం కలిపి ఒక్కో చక్రానికి రెండు మూడు రోజుల పని. పెద్ద రైడర్‌కు పది జతల చక్రాలైనా సిద్ధంగా ఉండాలి.

సైకిల్ మార్చుకోవడానికి పిట్ అనే చోటు ఉంటుంది, చుట్టుకు రెండుసార్లు దాని పక్కనుంచి వెళ్లే వీలుంటుంది. పిట్‌లో తప్ప ఇంకెక్కడా మార్చుకోకూడదు. బురద రేసులో అర చుట్టుకొకసారి మార్చుతారు. రైడర్ మురికి సైకిల్ వదిలి శుభ్రమైనది అందుకోగానే మెకానిక్ ఆ మురికిదాన్ని నీళ్ల జెట్ దగ్గరికి పరిగెత్తించి, కడిగి, గొలుసుకు నూనె పెట్టి, మూడు నాలుగు నిమిషాల్లో తిరిగి నిలబెట్టాలి. అందుకే ఒక రైడర్‌కు కనీసం మూడు ఒకేరకం సైకిళ్లు, ఇద్దరు ముగ్గురు సహాయకులు కావాలి. సొంత డబ్బుతో ఈ ఆట ఆడటం ఎందుకు కష్టమో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

గెలిచినా ముందు వరుస ఎందుకు దక్కదు

సైక్లోక్రాస్‌లో రైడర్లు వరుసకు ఎనిమిది మంది చొప్పున నిలబడతారు. ఎవరు ఏ వరుస అన్నది ప్రధానంగా యూసీఐ ర్యాంకింగ్ చెబుతుంది. ఆ ర్యాంకింగ్‌లో గడిచిన ఏడాది కాలపు పాయింట్లు లెక్కకొస్తాయి. రెండు సీజన్ల రైడర్‌కు చిక్కు ఇక్కడే వస్తుంది.

ప్రపంచ కప్ రేసు గెలిస్తే 200 పాయింట్లు, రెండో స్థానానికి 160. ఒకామె అక్టోబర్ నుంచి ప్రతి వారం దిగి పది ప్రపంచ కప్ రేసుల్లో రెండో స్థానం తెచ్చుకుందనుకుందాం: 1,600 పాయింట్లు. ఇంకొకామె రోడ్ సీజన్ అలసట తీర్చుకుని డిసెంబర్‌లో వచ్చి ఐదు రేసులు దిగి ఐదూ గెలిచింది: 1,000. ఒక్కసారీ ఓడని మనిషి ఒక్కసారీ గెలవని మనిషి కన్నా కింద ఉంటుంది. మొదటి కొన్ని వారాలు, అంటే ఆ 1,000 పాయింట్లు ఇంకా చేతికి రాకముందు, పరిస్థితి మరీ ఇబ్బంది: రెండో వరుసో మూడో వరుసో.

మూడో వరుస అంటే ముందు పదహారు మంది. తారు రోడ్డు మీద మొదలైన పరుగు అరనిమిషంలో ఇరుకైన మలుపులోకి పోతుంది. అక్కడ ఎవరైనా కాలు కింద పెడితే వెనకున్నవాళ్లంతా ఆగాల్సిందే. ముందున్నవాళ్లు అప్పటికే పది, పదిహేను సెకన్లు తీసేసుకుంటారు. ఆ తేడా పూడ్చడానికి ఖర్చయ్యే శక్తి చివరి చుట్టులో కనిపిస్తుంది. కాబట్టి చాంపియన్ ఆలస్యంగా వచ్చి మొదటి రేసులో ఐదో స్థానంలో మిగిలితే దాన్ని ఫామ్‌కు కొలమానంగా తీసుకోకూడదు. రెండో చుట్టు నుంచి ఆమె చుట్టు సమయాలు ఎలా ఉన్నాయో చూస్తే అసలు సంగతి తేలుతుంది.

ఇండియాలో చూసేవాళ్లకు ఒక సౌకర్యం: బెల్జియంలో మహిళల రేసు మామూలుగా మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు మధ్య మొదలవుతుంది. చలికాలంలో తేడా నాలుగున్నర గంటలు, అంటే మనకు సాయంత్రం ఆరు దాటాక.

2012: రెండూ కుదిరిన ఏడాది

రెండు సీజన్లు ఒకే ఒంట్లో ఎలా ఇమిడాయో చూడాలంటే వోస్ 2012 క్యాలెండర్ చూడాలి. జనవరి 29న బెల్జియం తీరంలోని కోక్సైడ ఇసుక దిబ్బల మీద సైక్లోక్రాస్ ప్రపంచ టైటిల్. వసంతంలో రోడ్ ప్రపంచ కప్ రేసులు. మే చివర్లో నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బర్గ్ దగ్గర రేసులో పడి కాలర్ ఎముక విరిగింది. ఆ రేసును ఆమె రెండో స్థానంలో ముగించింది. ఐదు వారాల్లో జీరో దిటాలియా (ఇటలీలో రోజుల తరబడి సాగే రోడ్ రేసు) మొదలు, అదీ గెలిచింది. జూలై 29న లండన్‌లో వాన. 140 కిలోమీటర్ల ఒలింపిక్ రేసులో ముగ్గురు ముందుకు పోయారు: వోస్, బ్రిటన్‌కు చెందిన లిజీ ఆర్మిట్‌స్టెడ్, రష్యాకు చెందిన ఓల్గా జబెలిన్‌స్కాయా. చివరి స్ప్రింట్‌లో వోస్‌కు స్వర్ణం. సెప్టెంబర్‌లో అదే వాల్కెన్‌బర్గ్‌లో రోడ్ ప్రపంచ టైటిల్. అంతకుముందు వరుసగా ఐదేళ్లు, 2007 నుంచి 2011 వరకు, ఆ రేసులో ఆమెకు దక్కింది రజతమే. 2013 ఫిబ్రవరి 2న అమెరికాలోని లూయీవిల్‌లో మళ్లీ సైక్లోక్రాస్ టైటిల్. ఒహాయో నదికి వరద ముప్పు ఉందని రెండు రోజుల పోటీలన్నీ ఒకే రోజుకు కుదించిన ప్రపంచ చాంపియన్‌షిప్ అది.

అంటే దాదాపు ఏడాదిలో రెండు సైక్లోక్రాస్ ప్రపంచ టైటిళ్లు, ఒక రోడ్ ప్రపంచ టైటిల్, ఒలింపిక్ స్వర్ణం, జీరో. ఒకేసారి రెండు ఇంద్రధనుస్సు జెర్సీలు. అయితే ప్రపంచ చాంపియన్ జెర్సీ గెలిచిన విభాగంలోనే వేసుకోవాలి; సైక్లోక్రాస్ చాంపియన్ రోడ్ రేసుకు మామూలు జట్టు జెర్సీలోనే రావాలి. పోలీన్ ఫెరాన్-ప్రెవో అనే ఫ్రెంచ్ రైడర్ ఇంకో మెట్టు పైకెళ్లింది: 2014 రోడ్, 2015 సైక్లోక్రాస్, 2015 మౌంటెన్ బైక్ టైటిళ్లు ఒకే సమయంలో ఆమె చేతిలో ఉన్నాయి.

ఈ ఉదాహరణలు చూపించి రెండూ చేయడం సులభమే అనేవాళ్లున్నారు. కానీ 2012 నాటి రోడ్ క్యాలెండర్ ఈనాటిది కాదు. పై తరగతి రోడ్ రేసుల వరస అయిన మహిళల వరల్డ్ టూర్ 2016లో మొదలైంది, మహిళల పారిస్–రూబే 2021లో, ఎనిమిది రోజుల టూర్ ద ఫ్రాన్స్ ఫామ్ (మహిళల టూర్ ద ఫ్రాన్స్) 2022లో వచ్చాయి. 2025లో ఆ టూర్ తొమ్మిది రోజులైంది. అప్పటి ఖాళీలు ఇప్పుడు లేవు.

రోడ్డుకు బురద ఇచ్చేది, బురదకు రోడ్డు ఇచ్చేది

2021 అక్టోబర్‌లో జరిగిన మొదటి మహిళల పారిస్–రూబేలో రాళ్ల దారులు వానకు తడిసి బురదతో నిండిపోయాయి. లిజీ డైగ్నన్ (పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, లండన్‌లో రెండో స్థానం ఈమెదే) 80 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. వెనక గుంపులోంచి విడిపోయి రెండో స్థానానికి వచ్చింది వోస్. జారే రాళ్ల మీద ముందు చక్రం తప్పినప్పుడు బ్రేకు పట్టకుండా, భుజాలు బిగించకుండా సైకిల్‌ను దాని దారిన పోనివ్వడం సైక్లోక్రాస్‌లో చిన్నప్పటి నుంచీ అలవాటయ్యే విద్య. రోడ్ శిక్షణలో అది నేర్పే సందర్భమే తక్కువ.

ఎదురు దిశలో ఉదాహరణ 2022 జనవరి, అమెరికాలోని ఫేయెట్‌విల్. సైక్లోక్రాస్ ప్రపంచ పోటీలో నెదర్లాండ్స్‌కే చెందిన లుసిండా బ్రాండ్, వోస్ ఇద్దరే ముందున్నారు. వోస్ చాలాసేపు బ్రాండ్ చక్రం వెనకే ఉండి, చివరి తారు రోడ్డు దాకా ఆగి, స్ప్రింట్‌లో దాటేసింది. మొదటి టైటిల్‌కు పదహారేళ్ల తర్వాత, ఏడో టైటిల్‌కు ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన ఈ ఎనిమిదో టైటిల్ రోడ్ రేసు బుర్రతో గెలిచినది. మూడో స్థానం ఇటలీకి చెందిన సిల్వియా పెర్సికోది. ఆమె అదే ఏడాది సెప్టెంబర్‌లో రోడ్ ప్రపంచ పోటీలోనూ కాంస్యం తెచ్చుకుంది.

ఒంటి మీద పడే బిల్లు

రెండు సీజన్ల రైడర్‌కు కొరవడేది విశ్రాంతి. రోడ్ మాత్రమే చేసేవాళ్లకు అక్టోబర్ మధ్య నుంచి జనవరి దాకా రేసులు ఉండవు. మూడు వారాలు పూర్తి విరామం, తర్వాత నెమ్మదిగా గంటలు పెంచుకుంటూ పోతారు. ఆ పొడవైన, నిదానమైన తొక్కుడే ఏడాదంతటికీ పునాది. సైక్లోక్రాస్ చేసేవాళ్లు ఆ పునాది వేసే వారాల్లోనే గరిష్ఠ తీవ్రతతో రేసులు చేస్తారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం చుట్టూ ఉండే రెండు వారాల్లో బెల్జియం చుట్టుపక్కల పది దాకా రేసులుంటాయి. శని, ఆదివారాలు రేసు, సోమవారం విశ్రాంతి, మంగళవారం తేలిక, బుధవారం నాలుగు గంటల శిక్షణ, గురువారం మళ్లీ రేసు అన్నట్టు సాగితే నిదానంగా తొక్కే రోజులే మిగలవు. అందుకే ఇప్పుడు మధ్యలో పది రోజులు స్పెయిన్‌కు వెళ్లి పొడవైన తొక్కుళ్లు చేసి వస్తున్నారు. రేసుకు రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే.

వోస్ కూడా ఈ బిల్లు కట్టింది. 2015 జనవరి చివర్లో చెక్ రిపబ్లిక్‌లోని తాబోర్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీలో కాంస్యంతో సరిపెట్టుకున్నాక, గాయాలు, తీరని అలసట కలిసి ఆ ఏడాది రోడ్ సీజన్ దాదాపు మొత్తం పోయింది. అంతకుముందు పదేళ్లు ఆమె చలికాలం, వేసవి తేడా లేకుండా రేసు చేసింది.

సైక్లిస్టులకు ఇంకో ప్రత్యేక సమస్య ఇలియాక్ ధమనిది. నడుం దగ్గర నుంచి కాలికి రక్తం తీసుకెళ్లే ఈ నాళం, తుంటి వద్ద లక్షల సార్లు మడతపడటం వల్ల కొందరిలో గోడ మందమై ఇరుకవుతుంది. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. గరిష్ఠంగా తొక్కినప్పుడు మాత్రం ఒక కాలు మొద్దుబారి బలం పోతుంది. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. బాగా తొక్కించి వెంటనే చీలమండ దగ్గర రక్తపోటు కొలిస్తే తెలుస్తుంది. ఫెరాన్-ప్రెవో 2019లో దీనికి శస్త్రచికిత్స చేయించుకుంది. ఇది రెండు సీజన్ల వల్లే వస్తుందని చెప్పలేం. ఎక్కువ ఏళ్లు, ఎక్కువ గంటలు, ముందుకు బాగా వంగే భంగిమ అన్నీ కలుస్తాయి.

తిండి విషయం కూడా ఉంది. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే మహిళల్లో నెలసరి ఆగడం, ఎముకలు పలచబడటం మొదలవుతాయి. కొండల రేసుకు బరువు తగ్గాలి, సైక్లోక్రాస్‌కు కండ బలం కావాలి. రెండు కోరికలూ ఒకే ఏడాదిలో ఒకే ఒంటిని లాగుతాయి. 2025లో ఫెరాన్-ప్రెవో బరువు తగ్గి టూర్ గెలిచినప్పుడు ఈ విషయం మీద పెలోటాన్‌లోనే బహిరంగ చర్చ జరిగింది.

డబ్బు ఎటు లాగుతుంది

వోస్ ప్రొఫెషనల్ అయిన కాలంలో మహిళా రైడర్‌కు ఇంత ఇవ్వాలి అనే నియమం లేదు. జీతం లేకుండా సైకిల్, ప్రయాణ ఖర్చులు మాత్రమే ఇచ్చే జట్లుండేవి. ఆ పరిస్థితిలో చలికాలం రేసులు బతుకుదెరువులో భాగం. సైక్లోక్రాస్‌లో నిర్వాహకులు పేరున్న రైడర్లకు హాజరు రుసుము ఇస్తారు. గెలిచినా ఓడినా ముందే ఒప్పుకున్న మొత్తం అది. ప్రేక్షకులు టిక్కెట్ కొని వచ్చే ఆట కాబట్టి ఆ డబ్బు సాధ్యమవుతుంది. పైగా బెల్జియంలో మహిళల రేసును పురుషుల రేసుకు ముందే టీవీలో ప్రత్యక్షంగా చూపించడం వల్ల స్పాన్సర్ల పేర్లు ఇంటింటికీ చేరాయి.

2020లో యూసీఐ మహిళల వరల్డ్ టీమ్ అనే పై తరగతి పెట్టి ఏడాదికి కనీసం 15,000 యూరోలు ఇవ్వాలంది, ప్రసూతి సెలవు కూడా ఒప్పందంలో చేర్చింది. 2025కి ఆ కనీసం 38,000 యూరోలు, అంటే నెలకు సుమారు 3,170. కింది తరగతిలోని కాంటినెంటల్ జట్లకు ఈ కనీసం వర్తించదు, అక్కడ పాత రోజులే కొనసాగుతున్నాయి.

బహుమతుల సంగతి వేరే కథ. 2021 పారిస్–రూబేలో డైగ్నన్‌కు 1,535 యూరోలు, పురుషుల విజేతకు 30,000. 2022 టూర్ ద ఫ్రాన్స్ ఫామ్ విజేతకు 50,000, పురుషుల టూర్ విజేతకు 5 లక్షలు. ఆ టూర్ రావడం వెనక 2013 నాటి ఒక ప్రచారం ఉంది. వోస్, ఎమ్మా పూలీ, కాథరిన్ బెర్టీన్, ట్రయాథ్లాన్ చాంపియన్ క్రిసీ వెలింగ్టన్ కలిసి మహిళలకూ టూర్ కావాలని సంతకాలు సేకరించారు. ఫలితంగా 2014లో పారిస్‌లో ఒక రోజు రేసు వచ్చింది, దాన్ని గెలిచింది వోసే. ఎనిమిదేళ్ల తర్వాత అసలు టూర్ వచ్చినప్పుడు ఆమె రెండు స్టేజీలు (ఒక్కో రోజు రేసు) గెలిచింది, మొత్తం మీద ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ వేసుకుంది, పాయింట్ల ఆకుపచ్చ జెర్సీ ఇంటికి తీసుకెళ్లింది.

జీతం వచ్చాక సైక్లోక్రాస్ స్థానం మారింది. ఒకప్పుడు ఆదాయం కోసం చేసినదాన్ని ఇప్పుడు ఇష్టం కోసమో, శిక్షణగానో, జట్టు ఒప్పుకున్నంత మేరకో చేస్తున్నారు. జట్లూ రకరకాల ఏర్పాట్లు చేసుకున్నాయి. వోస్, ఫెమ్ వాన్ ఎంపెల్ లాంటివాళ్లు ఒకే జట్టు కింద రెండూ చేశారు. బ్రాండ్ రోడ్‌కు ఒక జట్టు, సైక్లోక్రాస్‌కు దాని అనుబంధంగా మరో జట్టు జెర్సీ వేసుకుంది.

ఎవరి వాదన వారిది

రోడ్ జట్ల మేనేజర్లలో ఒక వర్గానికి సైక్లోక్రాస్ అంటే చలికాలంలో ఉచిత ప్రచారం. రోడ్ రేసులు లేని మూడు నెలలూ జట్టు పేరు టీవీలో ఉంటుంది. మరో వర్గం మణికట్టు విరగడం గురించి, ఏప్రిల్‌లో బెల్జియంలోని ఫ్లాండర్స్ రోడ్ రేసు నాటికి ఉండాల్సిన తాజాదనం గురించి ఆలోచిస్తుంది. జీతంలో ఎక్కువ భాగం తామే ఇస్తున్నప్పుడు షెడ్యూల్ కూడా తామే నిర్ణయించాలంటుంది. అది అన్యాయమైన కోరిక అనలేం.

సైక్లోక్రాస్ నిర్వాహకుల గోడు ఇంకోటి. టిక్కెట్లు అమ్ముడుపోయేది పెద్ద పేర్ల వల్ల, ఆ పేర్లేమో డిసెంబర్ మధ్య దాకా రావు. సీజన్ అంతా ప్రతి వారం దిగేవాళ్లకు మాత్రం శీర్షికలు దక్కవు. బెల్జియంకు చెందిన సాన కాంట్ మూడు ప్రపంచ టైటిళ్లు (2017, 2018, 2019), వరుసగా పదిహేను జాతీయ టైటిళ్లు సైక్లోక్రాస్‌నే నమ్ముకుని తెచ్చుకుంది. అలాంటి కెరీర్ ఇక ముందు వస్తుందా అన్నది వాళ్ల భయం.

కోచ్‌లలో ఏకాభిప్రాయం లేదు. పుక్ పీటర్స సైక్లోక్రాస్ సీజన్ చేసి కూడా 2025 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఫ్లెష్ వలోన్ రోడ్ రేసు గెలిచిందని ఒకరంటారు. అదే వసంతంలో, సైక్లోక్రాస్, మౌంటెన్ బైక్ పక్కన పెట్టి రోడ్‌కు తిరిగొచ్చిన ఫెరాన్-ప్రెవో పారిస్–రూబే, తర్వాత టూర్ రెండూ గెలిచిందని మరొకరంటారు. రెండూ నిజమే. ఒక్కో మనిషిని చూపించి సూత్రం చెప్పడం మాత్రం కుదరదు. పీటర్స గెలిచింది మూడున్నర గంటల్లో ముగిసే ఒక రోజు రేసు, నిటారు గోడలాంటి చివరి కొండ మీద. తొమ్మిది రోజుల టూర్‌కు కావలసింది వేరు. చూడబోతే పొట్టి, పేలుడు శక్తి కావలసిన రోడ్ రేసులకు సైక్లోక్రాస్ కలిసొస్తుంది, పెద్ద కొండల స్టేజ్ రేసులకు అడ్డొస్తుంది. ఏ రైడర్ ఏది చేస్తుందన్నది ఆమెకు ఏ రోడ్ రేసు ముఖ్యమన్న దాన్నిబట్టే తేలుతోంది.

జాతీయ సమాఖ్యలకు ఇంకో తూకం ఉంది. సైక్లోక్రాస్ ఒలింపిక్ క్రీడ కాదు. ప్రభుత్వ నిధులు చాలా దేశాల్లో ఒలింపిక్ పతకాల లెక్కను బట్టే వస్తాయి. అందుకే 2023, 2024 రోడ్ ప్రపంచ చాంపియన్ లోటె కొపెకీ లాంటివాళ్లు రెండో విభాగంగా ట్రాక్‌ను ఎంచుకుంటే సమాఖ్యకూ లాభం, సైక్లోక్రాస్ ఎంచుకుంటే రైడర్‌కు పేరు తప్ప సమాఖ్య ఖాతాలో ఏమీ పడదు. యూసీఐ అధ్యక్షుడు డేవిడ్ లపార్టియాన్ దీన్ని 2030 ఫ్రెంచ్ ఆల్ప్స్ శీతాకాల ఒలింపిక్స్‌లోకి తేవాలని ప్రయత్నించారు. శీతాకాల క్రీడల సమాఖ్యలు ఒలింపిక్ చార్టర్ చూపించి అడ్డుచెప్పాయి: శీతాకాల క్రీడ అంటే మంచు మీదో, గడ్డకట్టిన నీటి మీదో ఆడేది, బురద ఆ నిర్వచనంలో లేదు.